కాలి కింది మ్యాటే కదా అనుకోకండి!

కొత్త కారు ఇంటికొచ్చిందంటే మొదటి వారమంతా ముస్తాబే. సీటు కవర్లు, అద్దం దగ్గర వేలాడే బొమ్మ, డ్యాష్‌బోర్డు మీద చిన్న వినాయకుడు, సువాసన సీసా... అన్నీ ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించి మరీ కొంటారు. కాళ్ల కింద వేసే మ్యాట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఏదో ఒకటి వెయ్యి తమ్మీ' అనేస్తారు. రంగు నప్పితే చాలు, ధర తగ్గితే ఇంకా మంచిది! ఆ ముస్తాబు సామగ్రిలో బ్రేకు, యాక్సిలరేటర్‌లను ఆనుకుని ఉండేది మ్యాటొక్కటే అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ మండలం లాంటి చోట కారు పని ఒక్క తారురోడ్డుతో అయిపోదు. పొద్దున పొలం దాకా వెళ్లాలి. మధ్యాహ్నం మిర్యాలగూడలో రైసుమిల్లు దగ్గర పని ఉంటుంది. పండక్కి హైదరాబాదో, కోదాడ మీదుగా విజయవాడో వెళ్లాలంటే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. నాట్లప్పుడు చెప్పులకంటిన బురద, కోతలప్పుడు దుమ్ము, ఊక... అన్నీ చేరేది డ్రైవరు కాళ్ల కిందికే. అందుకే చాలామంది కంపెనీ మ్యాటు పాడవకుండా దానిమీద రబ్బరు మ్యాటు, ఆ పైన గోనెసంచో, పాత యూరియా సంచో పరుస్తుంటారు. చూడ్డానికి పొదుపే. ప్రమాదానికి దారిచ్చేదీ అదే!

నలుగురి ప్రాణాలు తీసిన మ్యాటు

మ్యాటుతో ప్రమాదమేంటి అంటారా? 2009 ఆగస్టు 28న అమెరికాలోని శాన్ డియేగో దగ్గర ఓ లెక్సస్ కారు అదుపు తప్పి, గంటకు 160 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకెళ్లింది. కారులోంచే ఒకరు అత్యవసర నంబరుకు ఫోన్ చేసి యాక్సిలరేటర్ ఇరుక్కుపోయిందనీ బ్రేకులు పనిచేయడం లేదనీ మొరపెట్టుకున్నారు. క్షణాల్లో కారు మరో వాహనాన్ని ఢీకొంది. లోపలున్న నలుగురూ చనిపోయారు. నడుపుతున్నది కొత్తగా కారు నేర్చుకున్న వ్యక్తి కాదు, హైవే గస్తీలో అనుభవమున్న పోలీసు అధికారి!

దర్యాప్తులో తేలిందేమిటంటే... ఆ కారులో వేసింది దాని మ్యాటు కాదు. అదే కంపెనీ తయారుచేసిన మరో పెద్ద బండి రబ్బరు మ్యాటు. పైగా దాన్ని కొక్కేలకు తగిలించలేదు. ఆ మ్యాటు అంచు యాక్సిలరేటర్‌ను పట్టేసింది. కొన్ని రోజుల ముందు అదే కారు నడిపిన మరొకరికీ ఇదే అనుభవం ఎదురైంది. ఆయన గేరును న్యూట్రల్‌లోకి మార్చి బయటపడ్డాడు.

నెల తిరిగేసరికి డ్రైవరు వైపు మ్యాట్లు తీసేయమంటూ టయోటా సంస్థ అమెరికాలో దాదాపు 38 లక్షల వాహనాల యజమానులను కోరింది. కార్ల ఎలక్ట్రానిక్ వ్యవస్థలో లోపమేదైనా ఉందేమోనని అంతరిక్ష సంస్థ నాసా ఇంజినీర్లతోనూ పరీక్షలు చేయించారు. అలాంటిదేమీ కనిపించలేదని 2011 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఇరుక్కునే మ్యాట్లు, తిరిగి పైకి లేవకుండా బిగుసుకునే పెడళ్లే అసలు కారణాలని తేల్చింది. ఈ లోపాల విషయంలో వినియోగదారులను తప్పుదోవ పట్టించినందుకు టయోటా 2014లో 120 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది.

ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకు అనుకోనక్కర్లేదు. ఒక కారు మ్యాటు ఇంకో కారులో వేయడం, కొక్కేలు తగిలించకపోవడం... ఈ రెండూ మన ఊళ్లలోనూ రోజూ జరిగేవే. పైగా రోడ్డు మీద సగందాకా వడ్లు ఆరబోసే రోజుల్లో, గేదెలు అడ్డంగా నడిచే దారుల్లో ఉన్నట్టుండి బ్రేకు వేయాల్సిందే. ఆ క్షణంలో మ్యాటు జారి పెడల్ కిందికి చేరితే...?

ఏ మ్యాటు మంచిది?

కార్పెట్ మ్యాటు: చూడ్డానికి బాగుంటుంది, కాలికి మెత్తగా ఉంటుంది. పట్నంలో తిరిగే కారుకు సరే. బురద మాత్రం దీనికి పడదు. తడిస్తే ఓ పట్టాన ఆరదు.

రబ్బరు, పీవీసీ మ్యాట్లు: నీళ్లు కొట్టి కడిగితే చాలు, శుభ్రం. పొలాల దారిలో తిరిగేవారికి ఇవే మేలు. చవకరకం ఎండకు గట్టిపడి అంచులు పైకి లేస్తాయి. అలా లేచిన అంచే పెడల్‌కు అడ్డం పడుతుంది.

టీపీఈ మ్యాట్లు: రబ్బరులా వంగే ఓ రకం ప్లాస్టిక్‌తో, కారు నేల ఆకారానికి అచ్చుపోసి చేస్తారు. చుట్టూ గట్టులా ఉండి నీటినీ బురదనూ బయటికి పోనివ్వవు. ధర ఎక్కువే.

7డి మ్యాట్లు: తోలులాంటి పైపొర, కింద నురుగుతో నేలంతా కప్పేస్తాయి. 5డి, 7డి అనేవి అమ్మకం పేర్లే తప్ప వాటికి ప్రామాణిక కొలతంటూ ఏదీ లేదు. మందంగా ఉంటాయి కాబట్టి పెడల్‌కూ నేలకూ మధ్య జాగా తగ్గుతుంది. నీళ్లు కిందికి దిగితే బయటికి కనిపించవు.

పీచు మ్యాట్లు: సన్నని ప్లాస్టిక్ తీగలు చుట్టినట్టుంటాయి. దుమ్ము లోపలికి దిగి పైకి శుభ్రంగా కనిపిస్తాయి. ఊక, ఇసుక ఇరుక్కుంటే దులపడం కాస్త పనే.

కొనేముందు...

'ఏ కారుకైనా సరిపోతదన్నా' అని దుకాణదారు అంటే అక్కడే ఆగండి. కారు పేరు ఒక్కటే కాదు, ఏ సంవత్సరం మోడలు, గేర్లదా ఆటోమేటిక్కా అన్నదీ చెప్పండి. క్లచ్ ఉన్న కారుకూ లేని కారుకూ నేల అమరిక వేరుగా ఉండొచ్చు. డ్రైవరు సీటు ముందు నేల మీద కొక్కేలు ఉన్నాయేమో చూడండి. మ్యాటు రంధ్రాలు సరిగ్గా వాటిలో కూర్చోవాలి. కొక్కేలు లేని కారైతే, అడుగున జారకుండా పట్టుకునే ముళ్లున్న మ్యాటు తీసుకోండి. కొన్ని కార్లలో యాక్సిలరేటర్ పైనుంచి వేలాడదు, నేలకే బిగించి ఉంటుంది. అలాంటప్పుడు దాని మొదలును మ్యాటు కప్పకూడదు.

డబ్బులిచ్చే ముందు చిన్న పరీక్ష చేయండి. ఇంజిను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కి వదలండి. వెంటనే పైకి రావాలి. బ్రేకు, క్లచ్‌లనూ అలాగే చూడండి. ఆ తర్వాత మ్యాటును చేత్తో బలంగా ముందుకు నెట్టండి. జరిగిందా... అది మీ కారుది కాదన్నమాటే! ఎంత చవకైనా వదిలేయండి. పాత మ్యాటు తీశాకే కొత్తది వేయాలి. డ్రైవరు వైపు ఒకే మ్యాటు, అంతే.

శుభ్రత ఇలా...

వానాకాలంలో వారానికోసారి మ్యాటు ఎత్తి కింద చేయి పెట్టి చూడండి. తడి తగిలితే తలుపులు తెరిచి ఆరనివ్వండి. లేదంటే ముక్కవాసన, బూజు, ఆ పైన నేల రేకుకు తుప్పు. కార్పెట్ కింద వైర్లూ ఉంటాయి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన భారీ వర్షాలకు కోదాడలో కార్లు వరదలో చిక్కుకోవడం చూశాం కదా! అలా నీళ్లు చేరిన బండికి పైన మ్యాటు ఆరబెడితే సరిపోదు, మెకానిక్‌తో కార్పెట్ ఎత్తించి ఆరబెట్టించాలి. కడిగిన మ్యాటును పూర్తిగా ఆరాకే వేయండి. మెరుపు కోసం డ్యాష్‌బోర్డు పాలిష్ రాస్తే కాలు జారుతుంది. కడిగినచోట కొక్కేలు మళ్లీ తగిలించారో లేదో చూశాకే బయల్దేరండి.

ఒకవేళ ఇరుక్కుంటే...

వంగి మ్యాటును లాగే ప్రయత్నం చేయొద్దు. బ్రేకును గట్టిగా తొక్కి అలాగే ఉంచండి. తొక్కుతూ వదులుతూ ఉంటే పెడల్ బిగుసుకుపోయి బ్రేకు పట్టు తగ్గుతుంది. క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌లోకి తెండి. ఆటోమేటిక్ అయితే నేరుగా న్యూట్రల్‌కు మార్చండి. ఇంజిను అరిచినా కంగారు వద్దు, చక్రాలకు శక్తి అందదు. పక్కకు తీసి ఆపాక ఇంజిను కట్టేయండి. బండి కదులుతుండగా తాళంచెవి బయటికి లాగితే స్టీరింగు బిగుసుకుపోవచ్చు.

ఈ నాలుగు మాటలూ ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఈ ఆదివారం కారు కడిగేటప్పుడు డ్రైవరు కాళ్ల కింద ఎన్ని మ్యాట్లున్నాయో లెక్కపెట్టండి. ఒకటి కంటే ఎక్కువుంటే మిగతావి తీసి ఇంటి గుమ్మం ముందు వేసుకోవచ్చు!