విత్తనానికి మొలక పరీక్ష చేస్తాం, పిల్లోని చదువుకు చెయ్యమా?

ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుంది. అయినా చెప్పాల్సిందే.

శనగ విత్తనం కొనేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో గుర్తు చేసుకోండి. బిల్లు అడుగుతాం. సంచి మీద లాట్ నంబరు చూస్తాం. నూరు గింజలు తడిగుడ్డలో కట్టి ఎన్ని మొలిచినాయో లెక్కపెడతాం. 85 కంటే తగ్గితే షాపాయన్ను పోయి నిలదీస్తాం. అదే మనిషి జూన్‌లో నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ప్రైవేటు స్కూలుకు పోయి, వడ్డీకి తెచ్చిన డబ్బు కట్టి, చేతులు కట్టుకొని నిలబడతాడు. "అంతా మీరే చూసుకోవాల సార్" అని వచ్చేస్తాడు. మళ్లీ ఆ గడప తొక్కేది రెండో టర్మ్ ఫీజుకే.

ఏమప్పా, ఎకరా శనగకున్న విలువ పిల్లోనికి లేదా?

ప్రైవేటు స్కూలు వద్దని నేను చెప్పడం లేదు. పంపించండి. కానీ ఫీజు, టై, బూట్లు, ఇంటి ముందు ఆగే వ్యాను, ఇవి చదువు కాదు. చదువు వస్తోందా లేదా అని చూసే పని మాత్రం మనదే.

దీన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పరీక్షించి చూసినారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008 నుంచి 2012 దాకా 5 జిల్లాల్లో 180 ఊళ్లు తీసుకున్నారు. సర్కారు బడి పిల్లోళ్లకు లాటరీ తీసి, పేరు వచ్చినోళ్లకు ప్రైవేటు బడి ఖర్చు ఇచ్చినారు. నాలుగేండ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ఇద్దరూ సమానమే. ప్రైవేటులో చేరినోళ్లు ముందున్నది హిందీలో. ఆ బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ టైమే ఇచ్చినాయి, తక్కువ ఖర్చుతోనే నడిచినాయి, కాబట్టి అవి పనికిరావని చెప్పలేం. కానీ బడి మారినంత మాత్రాన పిల్లోనికి లెక్కలు ఎక్కువ రావని మాత్రం తేలిపోయింది.

"మాకే చదువు రాదు, ఇంగ్లీషు మీడియం పిల్లోన్ని ఏం అడగాల?" అంటారు. అడగొచ్చు. అసర్ సర్వే వాళ్లు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసేది కూడా చిన్న పరీక్షే. రెండో తరగతి స్థాయి పాఠం చదవమంటారు, చిన్న భాగాహారం చెయ్యమంటారు. మీరు ఇట్లా చెయ్యండి:

ఒకటి. పేపర్లో ఒక వార్త చదివించి, అందులో ఏముందో అవ్వకు చెప్పమనండి.

రెండు. ఇంగ్లీషు పాఠం తెలుగులో చెప్పమనండి. గడగడా అప్పజెప్పి, అర్థం అడిగితే నోరు మెదపకపోతే వాడికి వచ్చింది బట్టీ, చదువు కాదు.

మూడు. పెద్దపిల్లోడైతే వాని ఫీజు కోసం తెచ్చిన అప్పుకే వడ్డీ కట్టమనండి. నూటికి రెండు రూపాయల లెక్కన 30,000కు పది నెలల వడ్డీ ఎంత? 6,000 అని చెప్పాల. లెక్కా వస్తుంది, నాయన కష్టమూ తెలుస్తుంది.

కొడుకును వ్యానెక్కించి, కూతుర్ని ఊర్లో బడికి పంపేవాళ్లు ఇద్దరికీ ఇదే పరీక్ష పెట్టండి. కూతురే గెలిస్తే ఆశ్చర్యపోవద్దు.

ఇంగ స్కూలు సంగతి. నెలకొకసారి పోండి. ఫీజు కౌంటర్ దగ్గరికి కాదు, టీచర్ దగ్గరికి. నోట్సులు తెరిచి చూడండి. తప్పులు దిద్దినారా, దిద్దకుండానే టిక్కు కొట్టినారా? "బాగా చదువుతాడు" అంటే ఒప్పుకోవద్దు, "వానికి ఏది రాదు?" అని అడగండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

"అడిగితే పిల్లోని మీద కక్ష కడతారేమో" అని భయపడొద్దు. పిల్లోన్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం. డొనేషన్ అడగడం కూడా ఆ చట్టానికి విరుద్ధమే. ప్రైవేటు బడిలో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాల. మన రాష్ట్రంలో ఇది 2022-23 నుంచి అమలవుతోంది. అర్హత ఉన్నోళ్లు అప్పు చేయకముందే దరఖాస్తు పెట్టుకోండి. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద పిల్లోనికి 13,000 లెక్కన తల్లుల ఖాతాల్లో పడినాయి, ప్రైవేటులో చదివేవాళ్లకు కూడా. అవి పిల్లోని చదువుకు వచ్చిన డబ్బులు, అట్లే ఖర్చు పెట్టండి.

శిరివెళ్ల పక్క పల్లెల నుంచి నంద్యాలకు వ్యాన్లో పోయొచ్చే పిల్లోడు అలసిపోయి వస్తాడు. వచ్చీరాగానే చేతికి ఫోన్ ఇయ్యొద్దు. తిండి పెట్టి, అర్ధగంట పక్కన కూర్చోండి. మీకు అక్షరం రాకపోయినా సరే, మీరు పక్కనుంటే వాడు పుస్తకం తీస్తాడు.

ఈ ఆదివారమే పరీక్ష పెట్టండి. రాకపోతే మాత్రం పిల్లోన్ని కొట్టొద్దు, తిట్టొద్దు. మొలక రాకపోతే గింజను తిట్టం కదా, అమ్మినోన్ని అడుగుతాం.