పదిమందితో వ్యానెక్కితే పరువు పోతుందా?

"విమానమెక్కి విదేశం వెళ్తూ, దిగాక ఎవరెవరితోనో కలిసి వ్యానులో వెళ్తారా? ఆమాత్రం టాక్సీకి డబ్బుల్లేకనా?"

ఈ మాటన్నది మా వదిన. 2025 ఫిబ్రవరిలో నేనూ, మా అక్కా కలిసి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవికి బయల్దేరుతున్నప్పటి సంగతి. ఆ ఏడాది జనవరిలోనే హైదరాబాదు నుంచి ఫుకెట్‌కి నేరుగా విమానం మొదలైంది. అంతకుముందు 2023 నవంబరులో థాయ్‌లాండ్ వాళ్ళు మన దేశస్థులకి వీసా లేకుండానే రావచ్చని వెసులుబాటు ఇచ్చారు. దాంతో మా వంటి మధ్యతరగతి వాళ్ళక్కూడా సముద్రం మధ్య దీవి చూడాలన్న ఆశ పుట్టింది.

వదిన మాటకేం గానీ, మా అక్క కొడుకు కూడా అమెరికా నుంచి ఫోన్ చేశాడు. "పిన్నీ, అమ్మని ఆ షేరింగ్ వ్యాన్లూ అవీ ఎక్కించకు. కారు నేనిక్కణ్నుంచే బుక్ చేస్తాను. డ్రైవరు బోర్డు పట్టుకుని నిలబడతాడు. మీరు వెళ్ళి కూర్చుంటే చాలు" అన్నాడు.

వాడి ప్రేమని నేను కాదనను. కానీ ఆ "వెళ్ళి కూర్చుంటే చాలు" అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా అక్క యాభై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నది అదేగా!

అక్క గురించి చెప్పాలి. బావగారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన చాలా మంచి మనిషి. అక్కని ఏనాడూ ఎండన పడనివ్వలేదు. బస్సయినా, రైలైనా, ఆటో అయినా ఆయనే మాట్లాడేవారు, ఆయనే డబ్బిచ్చేవారు. ఆయన పోయాక చూస్తే అక్కకి సిటీ బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా తెలియదు. కూకట్‌పల్లిలో ముప్ఫయ్యేళ్ళ కాపురం చేసిన మనిషి! గుడికెళ్ళాలన్నా పక్కింటి వాళ్ళెవరైనా వస్తారేమోనని చూసేది. ఇలాంటి అక్కలూ, అమ్మలూ మనలో ఎంతమందికి లేరు చెప్పండి?

అందుకే అబ్బాయితో అన్నాను: "కారు వద్దురా. దిగాక మేం చూసుకుంటాం."

ఫుకెట్ అంటే చిన్న లంక కాదు. ఉత్తరం నుంచి దక్షిణానికి యాభై కిలోమీటర్లకు కాస్త తక్కువ. విమానాశ్రయం ఉత్తరపు కొసన ఉంది. జనం దిగే పటోంగ్, కరోన్, కటా తీరాలేమో పడమటి ఒడ్డున, దక్షిణంగా ఉన్నాయి. అంటే విమానం దిగాక ఇంకో ముప్ఫయి, నలభై కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి. బయటికి రాగానే టాక్సీల వాళ్ళు చుట్టుముడతారు. ఫోనులో పిలుచుకునే టాక్సీలూ ఉన్నాయి. వాటి పక్కనే మినీ వ్యాన్ల కౌంటరు ఉంటుంది. తలా ఒక సీటు, తలా ఒక టిక్కెట్టు. పదిమంది పోగవగానే వ్యాను కదులుతుంది. ఎవరి హోటలు దగ్గర వాళ్ళని దింపుకుంటూ పోతుంది. మన షేర్ ఆటోకి ఏసీ పెట్టి, డిక్కీలో సూట్‌కేసులు సర్దినట్టన్నమాట!

మేం దిగాల్సింది కటాలో. టాక్సీ అడిగితే వెయ్యి బాట్లన్నారు. వ్యానుకి తలా 200. అప్పట్లో బాటు సుమారు రెండున్నర రూపాయలు. అంటే టాక్సీకి 2,500 రూపాయలు, వ్యానుకి ఇద్దరికీ కలిపి వెయ్యి. పదిహేను వందలు మిగులు. మన ఇళ్ళల్లో పదిహేను వందలంటే చిన్న మాటా?

డబ్బు అక్క చేతిలో పెట్టి, "నువ్వే టిక్కెట్లు తీసుకురా" అన్నాను. "నాకు వాళ్ళ భాష రాదే" అంది. "నాకూ రాదు. హోటలు పేరున్న కాగితం చూపించు, రెండు వేళ్ళు చూపించు" అన్నాను. భయపడుతూనే వెళ్ళింది. కౌంటరులో కూర్చున్నది కూడా ఆడపిల్లే. కాగితం చూసి తలూపింది, చిల్లరిచ్చింది, టిక్కెట్లు చించి ఇచ్చింది. అక్క ఆ చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని పర్సులో వేసుకుంది. ఆ పర్సు మూసిన తీరు చూడాలి! బ్యాంకులో డిపాజిట్టు వేసొచ్చినట్టు ఉంది మొహం.

అయితే అంతా హాయిగా సాగిందని చెబితే అబద్ధం చెప్పినట్టే. వ్యాను నిండేదాకా అరగంట పైన కూర్చోబెట్టారు. బయల్దేరిన కాసేపటికి ఏదో ఆఫీసు ముందు ఆపేశారు. చెప్పాపెట్టా లేదు. ఒకమ్మాయి కాగితాలు పట్టుకొచ్చి అందర్నీ దిగమంది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "బాబోయ్, ఎక్కడికి తీసుకొచ్చారే వీళ్ళు?" అంది. నా గుండే ఒక్క క్షణం దడదడలాడింది. తీరా చూస్తే అదొక టూర్ల ఏజెన్సీ. ఎవరు ఏ హోటల్లో దిగాలో రాసుకునే వంకతో, పడవ ప్రయాణాలూ, ఏనుగుల సందర్శనాలూ అమ్మడం వాళ్ళ వ్యాపారం. వ్యాన్ల మీద వచ్చేవాళ్ళకి అక్కడ ఇది మామూలేనట. వద్దంటే బలవంతమేమీ చెయ్యలేదు. కానీ ఆ సంగతి టిక్కెట్టిచ్చేటప్పుడే చెబితే వాళ్ళ సొమ్మేం పోయింది? కొత్తచోట ఆడవాళ్ళని అలా హడలెత్తించడం నాకు ససేమిరా నచ్చలేదు. ఆ మాట ఆ అమ్మాయితోనూ అన్నాను. ఎంత అర్థమైందో మరి!

మళ్ళీ బండి కదిలాక ఒక పెద్ద కూడలి వచ్చింది. మధ్యలో ఎత్తయిన దిమ్మె మీద ఇద్దరు ఆడవాళ్ళ విగ్రహాలు. చేతుల్లో కత్తులు. పక్క సీటులో బ్యాంకాకు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ కూర్చుంది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడే మాకా కథ చెప్పింది. తర్వాత నేనూ చదివి తెలుసుకున్నాను.

1785లో బర్మా సేనలు ఈ దీవి మీదికి వచ్చిపడ్డాయి. అప్పటికి కొద్ది రోజుల ముందే ఇక్కడి గవర్నరు చనిపోయాడు. అతని భార్య పేరు చాన్. ఆవిడ చెల్లెలు మూక్. మగదిక్కు లేదని వాళ్ళు తలుపులు మూసుకుని కూర్చోలేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఊరి జనాన్ని కూడగట్టారు. ఆడవాళ్ళ చేత సైనికుల వేషాలు వేయించి నిలబెట్టారు. లోపల పెద్ద సైన్యం ఉందనుకున్నారు శత్రువులు. నెల రోజులపాటు ముట్టడించి చివరికి వెనక్కి మళ్ళిపోయారు. మొదటి రామా చక్రవర్తి ఆ ఇద్దరికీ బిరుదులిచ్చి గౌరవించాడు. 1966లో ఈ విగ్రహాలు పెట్టారు. విమానాశ్రయం నుంచి వచ్చే ఆ పెద్ద రోడ్డుకి కూడా అక్క బిరుదు పేరే పెట్టుకున్నారు.

భర్త పోయిన అక్క, తోడుగా చెల్లెలు! నేను మా అక్క వంక చూశాను. అద్దానికి మొహం ఆనించి ఆ విగ్రహాలు కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంది. ఏమీ మాట్లాడలేదు. కారులో వెళ్ళినా ఆ విగ్రహాలు కనిపించేవే. కానీ ఆ కథ చెప్పే టీచరమ్మ మాత్రం ఉండేది కాదు.

ముందు పటోంగ్‌లో ఆరుగురు దిగారు. అక్కణ్నుంచి కొండదారి. మెలికలు తిరిగే రోడ్డులో అక్కకి కడుపులో తిప్పినట్టయింది. చంటిపిల్లతో కూర్చున్న ఒక విదేశీ అమ్మాయి తన దగ్గరున్న పిప్పరమెంటు బిళ్ళ తీసిచ్చింది. పేర్లు తెలియవు, భాషలు కలవవు. అయినా ఆ రెండు గంటల్లో ఆ వ్యాను మా ఊరి పంటులా అనిపించింది నాకు. మేం కోనసీమ వాళ్ళం. యానాం దగ్గర వంతెన పడకముందు గోదావరి దాటాలంటే పంటే గతి. సైకిళ్ళూ, కూరల గంపలూ, పెళ్ళివారూ, పిల్లల తల్లులూ అందరూ ఒక్కదాని మీదే. అప్పుడెవరి పరువూ పోలేదే! ఇప్పుడెందుకు పోతుంది?

అసలు మనకీ భ్రమ ఎక్కణ్నుంచి వచ్చిందంటారా? కారు అంటే గౌరవం, బస్సు అంటే లేమి అని మన బుర్రల్లో నాటుకుపోయింది. దానికి తోడు ఆడవాళ్ళకి కారే క్షేమమని ఇంకో మాట. నేనొకటి అడుగుతాను. తెలియని దేశంలో, తెలియని ఒక్క మగవాడు నడిపే కారులో ఒంటరిగా కూర్చోవడం ఎక్కువ క్షేమమా? పదిమంది ప్రయాణికులున్న బండిలో, అందులోనూ నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చోవడం ఎక్కువ క్షేమమా? కాస్త నిదానంగా ఆలోచించండి. టాక్సీ వాళ్ళంతా చెడ్డవాళ్ళని నేననడం లేదు. జాగ్రత్త పేరు చెప్పి మనల్ని నలుగురికీ దూరం చేయడం మంచిది కాదంటున్నానంతే.

రోజూ షేర్ ఆటోలో బడికెళ్ళే టీచర్లూ, మార్కెట్టుకెళ్ళే అమ్మలూ, ఆస్పత్రులకెళ్ళే నర్సులూ మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు! సీటు కోసం జరగమనడం, చిల్లర కోసం గట్టిగా అడగడం, హద్దు మీరిన వాణ్ని కళ్ళెర్రజేసి చూడటం వాళ్ళకి ఎవరు నేర్పారు? ఆ ప్రయాణాలే నేర్పాయి. కారు వెనక సీటులో కూర్చున్న మా అక్కకి ఆ చదువు అందలేదు.

అలాగని అందరూ, అన్నివేళలా వ్యానే ఎక్కాలని నేను చెప్పను. నలుగురున్న కుటుంబమైతే లెక్క వేసుకోండి. నాలుగు సీట్లకి 800 బాట్లు, టాక్సీకి వెయ్యి. పెద్ద తేడా లేదు, టాక్సీయే నయం. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు వెంట ఉన్నా, పసిబిడ్డ ఉన్నా, అర్ధరాత్రి దిగినా టాక్సీ తీసుకోవడంలో తప్పులేదు. రాత్రిపూట వ్యాను నిండేదాకా పడిగాపులు పడటం ఎవరికి మాత్రం ఇష్టం? ఒకరో ఇద్దరో ఉండి, పగటిపూట దిగి, సామాను తక్కువైతే మాత్రం వ్యానే ఎక్కండి. తీరప్రాంతాల మీదుగా వెళ్ళే బస్సు కూడా ఉంది. అది ఇంకా చవక. కాకపోతే హోటలు గుమ్మం దాకా రాదు.

మేం పడిన పాట్ల వల్ల తెలిసొచ్చినవి నాలుగు ముక్కలు చెబుతాను. హోటలు పేరూ, చిరునామా కాగితం మీద రాసి పెట్టుకోండి. వాళ్ళ లిపిలో కూడా రాసి పంపమని ముందే హోటలు వాళ్ళని అడగండి. డ్రైవరుకి అది ఎంతో సాయం. ఛార్జీ గుమ్మం దాకానా, మెయిన్ రోడ్డు దాకానా అన్నది డబ్బిచ్చే ముందే తేల్చుకోండి. పాస్‌పోర్టులూ, డబ్బూ ఉన్న సంచి ఒళ్ళోనే ఉండాలి గానీ డిక్కీలోకి వెళ్ళకూడదు. దారిలో ఎక్కడైనా ఆపి టూర్లు కొనమంటే, నవ్వుతూ వద్దని చెప్పి సీటులోనే కూర్చోండి. కొండదారి పడనివాళ్ళు ముందు సీటు అడగండి, పర్సులో ఒక నిమ్మకాయ వేసుకోండి. తిరుగు ప్రయాణంలో మాత్రం మరింత జాగ్రత్త. వ్యాను హోటలు హోటలుకీ తిరిగి జనాన్ని ఎక్కించుకుంటుంది. మేం విమానం వేళకి అయిదు గంటల ముందే బయల్దేరాం. వీసా నిబంధనలు తరచు మారుతుంటాయి, టిక్కెట్లు కొనేముందు అవీ ఒకసారి చూసుకోండి.

ఆ పదిహేను వందలతో ఏం చేశామంటారా? మర్నాడు పడవెక్కి పక్క దీవికి వెళ్ళాం. ఆ టిక్కెట్లు కూడా అక్కే బేరమాడి కొంది. "తగ్గించు, తగ్గించు" అని తెలుగులోనే అంది. వాడు తగ్గించాడు కూడా!

మొన్నామధ్య అక్క కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. అక్క ఎవరికీ చెప్పకుండా, కూకట్‌పల్లిలో పుష్పక్ బస్సెక్కి శంషాబాదు వెళ్ళి వాడికి ఎదురు నిలబడింది. వాడు కంగారుపడిపోయి, "ఒక్కదానివే బస్సులో వచ్చావా? నాకు చెబితే కారు పంపేవాణ్ని కదమ్మా!" అన్నాడట.

"బస్సులో సీటు దొరికిందిరా. ఇంక కారెందుకు?" అందట మా అక్క.

మీ ఇంట్లోనూ ఇలా వెనక సీటులోనే ఉండిపోయిన వాళ్ళెవరైనా ఉంటే, ఈసారి ప్రయాణంలో టిక్కెట్ల డబ్బు వాళ్ళ చేతికివ్వండి. ఫుకెట్టే వెళ్ళనక్కర్లేదు, పక్క ఊరైనా చాలు.