నేలకు కప్పు, సాగుకు హక్కు

చెనక్కాయ పీకేసిన చేను ఎట్లుంటుందో అనంతపురం పల్లెల్లో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. చెట్టును వేళ్లతో సహా పెరికి, కట్టె కూడా వామికి మోసుకుపోతాం. ఆ తర్వాత ఆరేడు నెలలు ఎర్రనేల ఒంటిమీద గుడ్డ లేకుండా ఎండలో మాడుతుంది. మెత్తని మన్ను గాలికి లేచిపోతుంది. మొదటి గట్టి వాన ఇంకకుండానే పైమన్నును వంకలో కలుపుతుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. పడేదే తక్కువ. అదీ పారిపోతే ఏం తింటాం?

నేలను పచ్చగా కప్పి ఉంచండని ఇప్పుడు అధికారులు చెప్తున్నారు. ప్రకృతి వ్యవసాయం పేరుతో వానలకు ముందే నవధాన్యాల విత్తనాలకు మన్నూ బూడిదా పట్టించి పొడినేలలో వేయిస్తున్నారు. మంచిమాటే, మేం కాదనం. కానీ ఇది కొత్త విద్య అంటే మాత్రం ఒప్పుకోం. చెనక్కాయ ఒక్కటే పంట కాకముందు మన అవ్వలు కొర్రలో కంది, జొన్నలో అలసంద, అనప కలిపి వేయలేదా? వాన ఆలస్యమైతే ఉలవ చల్లలేదా? ఎకరాకు 8-10 కిలోల ఉలవలు చాలు. తీగ పాకి నేలను కప్పుతుంది, కలుపును లేవనీయదు. పప్పుజాతి మొక్కల వేళ్లకు బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి. ఆకూ వేరూ కుళ్లితే అది నేలకు చేరుతుంది. మనం డబ్బు పోసి కొనే యూరియా బస్తాలో ఉండేదీ నత్రజనే.

ఒక జాగ్రత్త. పచ్చగా ఉంది కదా అని ముదరనిస్తే తేమంతా అదే తాగేస్తుంది, వెనక పంటకు మిగలదు. జనుము, జీలుగు పూతకొచ్చే వేళకు, అంటే 45 రోజులకు అటూ ఇటూగా కోసేయాలి. పదునుంటే దున్ని కలపాలి. లేకుంటే కోసి చేలోనే పరచాలి. ఎండిన ఆకు కూడా నేలకు కప్పే.

ఇది సాగు మాట. ఇక అసలు మాట. ఈ కప్పు ఎవరి చేలో వేయాలి?

గుత్తకు చేసేవాడికి ఉగాదితో ఒప్పందం తీరిపోతుంది. వచ్చే ఏడు ఆ చేను తనదో కాదో తెలియనివాడు ఈ ఏడు విత్తనం ఎందుకు పోస్తాడు? నేల బాగుపడితే గుత్త పెంచేది ఆసామే కదా! 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం అంది, దానికీ యజమాని సంతకం కావాలంది. సంతకం అడిగితే చేను పోతుందని మనవాళ్లకు భయం.

డి-ఫారం పట్టా ఉన్నవాళ్ల కష్టం ఇంకో రకం. అసైన్డు భూమి చేతులు మారకూడదని 1977 చట్టం చెప్పింది. 2023లో దాన్ని సవరించి, 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. బీడుగా కనిపిస్తే చాలు, దేనికీ పనికిరాని నేల అని చవగ్గా అడిగేవాళ్లు గడపలో నిలబడతారు. పచ్చగా ఉన్న చేను మన సాగుకు సాక్ష్యం.

పంట తీశాక మందల్ని వదలడం ఊరి ఆనవాయితీ. ఎండాకాలం ఒక్క మనవాడి చేను పచ్చగా ఉంటే ఊరి మందంతా అందులోనే. అడగబోతే తగాదా.

ఒంటరిగా కానిది సంఘంగా అవుతుంది. తెలంగాణలో జహీరాబాదు చుట్టుపక్కల దళిత ఆడవాళ్ల సంఘాలు 1980ల నుంచి బీళ్లను సాగులోకి తెచ్చాయి, కలగలుపు పంటలు నిలిపాయి, విత్తనం తమ చేతిలోనే ఉంచుకున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకే వచ్చింది. వాళ్లు మనలాంటి కూలి ఆడవాళ్లే.

కాబట్టి ఆనుకుని ఉన్న చేన్లవాళ్లు ఒకేసారి చల్లండి, వంతులేసుకుని కాపలా కాయండి. మందలు ఎప్పుడు, ఎక్కడ వదలాలో గ్రామసభలో తీర్మానం చేయించండి. కుండెడు విత్తనం బూడిద కలిపి ఇంట్లో దాచండి. గుత్త మూడేళ్లకు తగ్గకుండా కాగితం అడుగుదాం. యజమాని సంతకంతో పని లేకుండా సాగుచేసేవాడికి గుర్తింపు కార్డు అడుగుదాం.

నేలను కప్పమని మనకు చెప్పేవాళ్లు, ఆ నేలమీద మనల్ని నిలబడనివ్వాలి. ఈ రెండూ ఒకే మాట.