టీవీ కొత్తదే.. బొమ్మ మాత్రం పాతదే! జీఎస్టీ తగ్గిందని పెద్ద టీవీ కొనేముందు ఈ లెక్క చూడండి

పెద్ద టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త రేటు అమల్లోకి వచ్చింది. దీంతో ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉన్నవాళ్లు 43 వైపు, 43 ఉన్నవాళ్లు 55 వైపు చూస్తున్నారు. షోరూంలో బొమ్మ చూస్తే కళ్లు జిగేల్‌మంటాయి. తీరా ఇంటికి తెచ్చి గోడకు బిగించాక సీరియల్‌లో మొహాలు మసకమసకగా కనిపిస్తాయి. క్రికెట్‌లో బంతి చుట్టూ గళ్లు గళ్లుగా వస్తుంది. టీవీలో లోపమా? చాలా ఇళ్లలో కాదు. టీవీ మారింది కానీ అందులోకి వచ్చే సిగ్నల్ మారలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మిగిలేది 10 శాతం కాదు

ముందు పన్ను లెక్క చూద్దాం. 32 అంగుళాల వరకు టీవీలపై జీఎస్టీ ఇంతకుముందు కూడా 18 శాతమే. తగ్గింది అంతకంటే పెద్ద టీవీలకు మాత్రమే. అదీ బిల్లు మీద నేరుగా 10 శాతం కాదు. పాత పన్నుతో కలిపి రూ.50 వేలు ఉన్న టీవీ అసలు ధర సుమారు రూ.39,062. దానిపై 18 శాతం వేస్తే రూ.46,094 అవుతుంది. అంటే మిగిలేది సుమారు రూ.3,906. ఇది 8 శాతం లోపే. లక్ష రూపాయల టీవీ మీద అయితే రూ.7,812 మిగులుతుంది.

చిన్న మొత్తమేమీ కాదు. కానీ టీవీ ధర ఒక్కసారి కట్టేది. అందులో చూసేదానికి మాత్రం నెలనెలా కట్టాలి. పన్నులో మిగిలిన డబ్బు ఎన్నాళ్లుంటుందో తేలేది అక్కడే.

4 లక్షల చుక్కలతో 83 లక్షల తెర నిండుతుందా?

టీవీ తెర అంటే చిన్న చిన్న చుక్కల వరుసలు. వాటినే పిక్సెల్స్ అంటారు. 4కే టీవీలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చొప్పున మొత్తం సుమారు 83 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. ఫుల్ హెచ్‌డీలో అవి 20 లక్షల పైచిలుకు.

మరి కేబుల్ కనెక్షన్‌లో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానల్‌లో? 720 అడ్డం, 576 నిలువు. అంటే 4 లక్షల పైచిలుకు మాత్రమే. 4కే తెర నిండాలంటే దీనికి 20 రెట్లు కావాలి. మిగతా చుక్కలన్నీ టీవీలోని ప్రాసెసర్ పక్క చుక్కలను చూసి, అంచనా వేసి నింపాల్సిందే. మంచి ప్రాసెసర్ ఉంటే కాస్త నీట్‌గా నింపుతుంది. చవక టీవీలో బొమ్మ అలికినట్టు ఉంటుంది. ఎంత ఖరీదైన టీవీ అయినా సిగ్నల్‌లో లేని వివరాన్ని నిజంగా తెచ్చిపెట్టలేదు.

అందుకే పాత 32 అంగుళాల టీవీలో బాగున్న ఛానల్, కొత్త 55లో బాగోలేదనిపిస్తుంది. దీనికీ ఓ లెక్క ఉంది. చూపు మామూలుగా ఉన్న మనిషికి 32 అంగుళాల తెరపై ఎస్‌డీ బొమ్మ 8 అడుగుల దూరం నుంచి శుభ్రంగానే కనిపిస్తుంది. అదే బొమ్మ 55 అంగుళాల తెరపై అంతే శుభ్రంగా కనిపించాలంటే 13 అడుగులకు పైగా వెనక్కి జరగాలి. అపార్ట్‌మెంట్ హాల్లో అంత చోటు ఎక్కడిది?

ఫోన్‌లో వీడియోలు చూసే అలవాటున్నవాళ్లకు ఈ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. 6.5 అంగుళాల ఫోన్‌ను అడ్డంగా పెట్టి చూసే వీడియోతో పోలిస్తే 55 అంగుళాల తెర సుమారు 100 రెట్లు పెద్దది. ఫోన్‌లో కనబడని లోపాలన్నీ టీవీలో బయటపడతాయి. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి వచ్చిన పెళ్లి వీడియోను పెద్ద టీవీలో వేసి చూస్తే విషయం అర్థమైపోతుంది.

రూపాయి ఖర్చు లేకుండా ముందు ఇవి చూడండి

బొమ్మ బాగోలేదని టీవీ మార్చేముందు వెనక వైర్లు ఒకసారి చూడాలి. సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు ఉందా? అయితే హెచ్‌డీ ప్యాక్‌కు డబ్బు కడుతున్నా ఇంట్లో చూస్తున్నది ఎస్‌డీ బొమ్మే. ఆ వైరు హెచ్‌డీ సిగ్నల్‌ను మోయలేదు. దాని స్థానంలో హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టాలి. బాక్స్ కూడా హెచ్‌డీదే అయి ఉండాలి. కొన్ని బాక్సుల సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ తక్కువ రిజల్యూషన్ మీద ఉండిపోతుంది. దాన్ని 1080కి మార్చుకోవాలి.

స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీలకు ఎస్‌డీ, హెచ్‌డీ ఛానళ్లు విడివిడిగా ఉన్నాయి. బాక్స్ హెచ్‌డీదైనా, ప్యాక్‌లో ఉన్నది ఎస్‌డీ ఛానల్ అయితే వచ్చేది అదే. రోజూ చూసే నాలుగైదు ఛానళ్లను హెచ్‌డీకి మార్చమని కేబుల్ ఆపరేటర్‌ను అడిగితే, చాలా ఇళ్లలో కొత్త టీవీ కంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది. నెల చార్జీ లేని డీడీ ఫ్రీ డిష్ వాడే ఇళ్లలో మాత్రం ఎక్కువగా వచ్చేవి ఎస్‌డీ ఛానళ్లే. అలాంటి ఇంటికి 55 అంగుళాల 4కే కంటే 32 లేదా 43 అంగుళాల మంచి టీవీయే నయం.

మరొకటి పిక్చర్ మోడ్. షోరూంలో టీవీలు ఎక్కువగా వివిడ్ మోడ్‌లో ఉంటాయి. ట్యూబ్‌లైట్ల వెలుగులో మెరిసిపోవడానికి ఆ మోడ్. ఇంట్లో రాత్రిపూట అదే మోడ్ కళ్లకు భారం, మొహాలు ఎర్రగా కనిపిస్తాయి. సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కు మార్చితే రంగులు సహజంగా ఉంటాయి. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ మధ్యలో లేని ఫ్రేములు చేర్చడం వల్లే కొత్త సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. మోషన్ స్మూతింగ్ అనే ఆప్షన్‌ను ఆపేస్తే ఆ సమస్య పోతుంది.

ఫోన్ ప్లాన్ టీవీలో పనిచేయదు

ఓటీటీలోనూ ఇదే కథ. నెట్‌ఫ్లిక్స్‌నే తీసుకుందాం. 2021 డిసెంబర్‌లో తగ్గించిన ధరల ప్రకారం రూ.149 మొబైల్ ప్లాన్ ఫోన్, ట్యాబ్‌లకే. టీవీలో రాదు. రూ.199 బేసిక్ ప్లాన్ టీవీలో వస్తుంది కానీ 720 రిజల్యూషన్ వరకే. ఫుల్ హెచ్‌డీ కావాలంటే రూ.499. 4కే కావాలంటే రూ.649.

ఇప్పుడు పన్ను లెక్కను దీని పక్కన పెట్టి చూడండి. రూ.199 ప్లాన్ నుంచి రూ.649 ప్లాన్‌కు మారితే నెలకు రూ.450 అదనం. రూ.50 వేల టీవీ మీద జీఎస్టీలో మిగిలిన రూ.3,906.. తొమ్మిది నెలలు తిరక్కుండానే అయిపోతుంది. అది కూడా ఒక్క యాప్‌కే. అన్ని యాప్‌లకూ పై ప్లాన్ తీసుకునే ఇల్లు ఎన్నో ఉండదు. తక్కువ ప్లాన్‌తోనే సరిపెట్టుకుంటే 4కే టీవీ ఉండీ 4కే బొమ్మ రాదు. యూట్యూబ్‌లో 4కేలో అప్‌లోడ్ చేసిన వీడియోలను మాత్రం ఉచితంగానే చూడొచ్చు.

ఇంటర్నెట్ సంగతి కూడా చూడాలి. 4కేకి కనీసం 15 ఎంబీపీఎస్ వేగం ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతోంది. గంటకు 7 జీబీ వరకు డేటా ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్లాన్‌తో హాట్‌స్పాట్ పెట్టి చూస్తే 17 నిమిషాల్లో డేటా అయిపోతుంది. సినిమాలో హీరో ఎంట్రీ కూడా పడకపోవచ్చు! ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో కూడా రౌటర్ ఒక గదిలో, టీవీ ఇంకో గదిలో ఉంటే బఫరింగ్ రావచ్చు. దగ్గరగా ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై, వీలైతే నేరుగా కేబుల్ పెట్టుకోవడం మేలు.

ఏ హాలుకు ఏ సైజు?

టీవీ సైజును మూల నుంచి మూలకు కొలుస్తారు. 43 నుంచి 55కి వెళ్తే పెరిగేది 12 అంగుళాలే అనిపిస్తుంది. కానీ తెర వైశాల్యం 60 శాతానికి పైగా పెరుగుతుంది.

సోఫాకు, టీవీకి మధ్య దూరాన్ని టేపు పెట్టి కొలవండి. 43 అంగుళాల టీవీని ఐదున్నర అడుగుల కంటే దూరం నుంచి చూస్తే ఫుల్ హెచ్‌డీకి, 4కేకి తేడా కనిపెట్టడం కష్టం. 55 అంగుళాలకు ఆ గీత సుమారు 7 అడుగులు. 65కి ఎనిమిదిన్నర అడుగుల దగ్గర. 10 అడుగుల దూరంలో కూర్చునే ఇంట్లో 55 అంగుళాల టీవీకి 8కే అవసరమే లేదు. ఆ డబ్బు ప్యానెల్ నాణ్యత మీద పెడితే రోజూ కంటికి తెలుస్తుంది.

ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, ఓలెడ్.. తేడా ఏంటి?

ఎల్ఈడీ టీవీ అంటే ఎల్‌సీడీ తెర వెనక ఎల్ఈడీ లైట్లు ఉన్నది. క్యూఎల్ఈడీ కూడా అదే జాతి. రంగులు బాగా రావడానికి మధ్యలో క్వాంటమ్ డాట్ పొర ఉంటుంది. మినీ ఎల్ఈడీలో వెనక లైట్లు మరీ చిన్నవి, చాలా ఎక్కువ. అవసరమైన చోట వెలిగి, మిగతా చోట తగ్గుతాయి. ఓలెడ్‌లో వెనక లైటే ఉండదు. ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, ఆరిపోతుంది. నలుపు నిజంగా నల్లగా కనిపిస్తుంది.

పేర్లలో క్యూఎల్ఈడీ, ఓలెడ్ అన్నదమ్ముల్లా వినిపించినా పనితీరు పూర్తిగా వేరు. రాత్రి లైట్లు ఆపి సినిమాలు చూసేవాళ్లకు ఓలెడ్ బాగుంటుంది. పగలు కిటికీ వెలుగు పడే హాలుకు మినీ ఎల్ఈడీ లేదా మంచి క్యూఎల్ఈడీ నయం. రోజంతా న్యూస్ ఛానల్ నడిచే ఇంట్లో లోగో, స్క్రోలింగ్ ఒకేచోట గంటల తరబడి ఉంటాయి. ఓలెడ్‌పై అలాంటివి కొన్నేళ్లకు మచ్చలా నిలిచిపోయే ప్రమాదం ఉంది.

హెచ్‌డీఆర్ స్టిక్కర్ చూసి కూడా మోసపోవద్దు. చవక టీవీలు హెచ్‌డీఆర్ సిగ్నల్‌ను తీసుకుంటాయి కానీ దాన్ని చూపించే వెలుగు వాటికి ఉండదు. బ్రైట్‌నెస్ ఎన్ని నిట్స్ అని అడగండి. ఇక 120, 144 హెర్ట్జ్ అనేవి ఎక్కువగా గేమింగ్ కోసం. మన ఛానళ్లలో క్రికెట్ సెకనుకు 50 చిత్రాల లెక్కన వస్తుంది. మ్యాచ్‌ల కోసమే అయితే 144కి అదనంగా కట్టాల్సిన పనిలేదు.

యాప్‌లు స్లో అయితే టీవీ మార్చాలా?

నాలుగైదేళ్ల స్మార్ట్ టీవీలో ఎక్కువగా ముందు ముసలిదయ్యేది తెర కాదు, సాఫ్ట్‌వేర్. ర్యామ్ ఒక జీబీ ఉన్న టీవీలో యాప్‌లు తెరుచుకోవడానికే నిమిషం పడుతుంది. అప్‌డేట్లు ఆగిపోతాయి. బొమ్మ బాగానే ఉంటే హెచ్‌డీఎంఐలో పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ చాలు. టీవీ ధరలో చిన్న వంతుతో పని అయిపోతుంది. కొత్తది కొంటే మాత్రం ర్యామ్ కనీసం 2 జీబీ ఉండేలా చూసుకోవడం మంచిది.

డైలాగులు వినిపించక సౌండ్ పెంచడం, ఫైట్ రాగానే తగ్గించడం చాలా ఇళ్లలో జరిగేదే. పల్చటి టీవీల్లో స్పీకర్లు చిన్నవి, ఎక్కువగా కిందికి తిరిగి ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే 10 అంగుళాల అదనపు తెర కంటే ఓ మామూలు సౌండ్‌బారే ఎక్కువ ఉపయోగం.

బిల్లు కట్టేముందు

4కే సపోర్ట్ అని రాసి ఉంటే ఆగండి. అలాంటి కొన్ని టీవీలు 4కే వీడియోను తీసుకుని తక్కువ రిజల్యూషన్‌లో చూపిస్తాయి. స్పెసిఫికేషన్లలో 3840, 2160 అంకెలు ఉంటేనే అది 4కే ప్యానెల్. 1366, 768 ఉంటే అది హెచ్‌డీ రెడీ మాత్రమే. షోరూంలో కంపెనీ డెమో వీడియో కాకుండా మామూలు కేబుల్ ఛానల్ పెట్టి చూపించమని అడగండి. ప్యానెల్‌కు వారంటీ ఎన్నేళ్లో బిల్లుపై రాయించుకోండి. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

పన్ను తగ్గింపు పెద్ద తెరను అందుబాటులోకి తెచ్చింది, అది నిజమే. కానీ తెరకు తగ్గ సిగ్నల్‌ను ఏ పన్ను తగ్గింపూ తెచ్చి ఇవ్వదు. ముందు వైరు, తర్వాత ఛానల్ ప్యాక్, ఆపై ఇంటర్నెట్, ఆ తర్వాతే తెర.. ఖర్చు ఈ వరుసలో పెట్టిన ఇంట్లో 43 అంగుళాల టీవీ కూడా కళకళలాడుతుంది. వరుస తిరగేస్తే ఈఎంఐ నెలనెలా కొత్తగా గుర్తుకొస్తుంది, బొమ్మ మాత్రం పాతదే ఉంటుంది.