అంతియొకయ కూలిన వేళ

క్రైస్తవులనే పేరు మనకు యెరూషలేములో రాలేదు, రోమాలో రాలేదు. అంతియొకయలో వచ్చింది (అపొ.కార్య. 11:26). టర్కీ దక్షిణాన, సిరియా సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఆ పట్టణాన్ని ఇప్పుడు అంతాక్యా అంటారు. 2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు 7.8 తీవ్రతతో అక్కడి భూమి కంపించింది. మధ్యాహ్నం 7.5 తీవ్రతతో మరోసారి ఊగింది. ఒక్క టర్కీలోనే 53 వేల మందికి పైగా చనిపోయారు. అంతాక్యా పాత పట్టణం చాలావరకు నేలమట్టమైంది. ఆర్థడాక్స్ చర్చి కూలింది, ప్రాచీనమైన మసీదూ కూలింది. అక్కడి చిన్న యూదు సమాజపు పెద్ద, ఆయన భార్య ఇద్దరూ మరణించారు.

ఆ వేళ ఊళ్లో లేని అంతాక్యా బిడ్డల సంగతి ఆలోచించండి. బతుకుతెరువు కోసం ఇస్తాంబుల్‌కు, జర్మనీకి వెళ్లినవాళ్లు ఎందరో. అమ్మానాన్నలు ఏ వీధిలో, ఏ భవనంలో, ఎన్నో అంతస్తులో ఉన్నారో ట్విట్టర్‌లో రాసి, ఎవరైనా వెళ్లి చూడండని వేడుకోవడం తప్ప వాళ్లు చేయగలిగింది లేదు. ఫిబ్రవరి 8న దానికి కూడా టర్కీలో కొన్ని గంటలపాటు అడ్డుకట్ట పడింది. విమానాశ్రయం రన్‌వే చీలిపోయి అక్కడ విమానాలు దిగే వీలు లేకపోయింది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో బిడ్డలున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ దూరం ఎలాంటిదో వేరే చెప్పాలా?

దూరాన ఉన్నవారికి ఒక శోధన ఉంది. విపత్తు జరిగిన మరుసటి ఆదివారమే అది దేవుని శిక్ష అని తీర్పు చెప్పే బోధకులు ఎక్కడైనా ఉంటారు. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది ఇతరులకంటే పాపులని అనుకోవద్దని యేసుప్రభువు తేటగా చెప్పాడు, విన్నవారినే మారుమనస్సు పొందమన్నాడు (లూకా 13:4,5). మనకు పేరు పెట్టిన ఈ ఊరు క్రీ.శ. 115లోనూ, 526లోనూ ఇలాగే కూలింది. 526లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న జస్టిన్ చక్రవర్తి ఆ వార్త విని కిరీటం తీసేసి దుఃఖించాడని చరిత్రకారుడు మలాలాస్ రాశాడు. ఆ మలాలాస్‌దీ అంతియొకయే. చక్రవర్తి ఏడ్చి ఊరుకోలేదు, ఊరు తిరిగి కట్టడానికి ధనమూ పంపాడు.

నెహెమ్యా కూడా దూరాన ఉన్నవాడే. షూషను కోటలో రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగం. యూదా నుంచి హనానీ రాగానే, చెరను తప్పించుకొని మిగిలినవారు ఎలా ఉన్నారని ముందు అడిగాడు, పట్టణాన్ని గురించి ఆ తర్వాతే (నెహెమ్యా 1:2). విన్నాక కూర్చుని ఏడ్చాడు, ఉపవాసమున్నాడు. ఆయన పాపాలు ఒప్పుకున్నాడు కదా అంటారేమో. నిజమే. కానీ శిథిలాల మధ్య ఉన్నవారి వైపు వేలు చూపలేదు, తననూ తన తండ్రి ఇంటివారినీ కలుపుకొని ఒప్పుకున్నాడు (1:6). కిస్లేవు నుంచి నీసాను దాకా నాలుగు నెలలు ఆ భారాన్ని మోశాడు. రాజు అడిగినప్పుడు సెలవు, దారిపొడుగునా అధికారులకు తాకీదులు, అడవుల అధికారి ఆసాపు నుంచి మ్రానులు కావాలని లెక్కగా అడిగాడు (2:5-8). యెరూషలేము చేరాక రాత్రివేళ గోడలను స్వయంగా పరిశీలించి, ఆ తర్వాతే కట్టుదామన్నాడు.

ఆ పరిశీలన అంతాక్యాకూ అవసరమే. ఒరాంటిస్ నది మేటవేసిన మెత్తని నేల ప్రకంపనలను పెంచింది. దానికి మనుషుల తప్పు తోడైంది. నిబంధనలు మీరి కట్టిన భవనాలను రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే పథకాన్ని టర్కీ ప్రభుత్వం 2018లో తెచ్చింది. బీపీఎస్ అనే మాట విన్న మనకు ఇది కొత్తేమీ కాదు! విలాసవంతమైనదని ప్రచారం చేసి అమ్మిన 12 అంతస్తుల భవనం ఒకటి పక్కకు ఒరిగి కూలి వందలమందిని బలిగొంది. 1999 భూకంపం తర్వాత వసూలు చేస్తూ వచ్చిన ప్రత్యేక పన్ను ఏమైందని ప్రజలు నిలదీశారు. 2024 ఫిబ్రవరి 6న సరిగ్గా 4:17కి అంతాక్యాలో వేలమంది గుమిగూడి, మా గొంతు ఎవరికైనా వినబడుతోందా అని కేకలు వేశారు. శిథిలాల మీద నిలబడి సహాయక బృందాలు వేసిన కేక అదే. సంతాపానికి వచ్చిన నాయకులను జనం హేళన చేశారు. దీన్ని అవిధేయత అనేవారు నెహెమ్యా 5వ అధ్యాయం మరొకసారి చదవాలి. గోడ కడుతున్న రోజుల్లోనే పేదల మొర విని, వడ్డీ గుంజుతున్న ప్రధానులను ఆయన సభలో నిలదీశాడు.

ఇక మన సంఘాల మాట. భూలోకమంతటా గొప్ప కరవు వస్తుందని అగబు చెప్పగానే అంతియొకయ శిష్యులు తమ తమ శక్తికొలది సొమ్ము పోగుచేశారు. బర్నబాది కుప్ర, సౌలుది తార్సు. సొమ్ము ఆ ఇద్దరి చేతికిచ్చి యెరూషలేము పెద్దలకు పంపారు (అపొ.కార్య. 11:28-30). ఎవరిచ్చారో, ఎవరు తీసుకెళ్లారో, ఎవరికి చేర్చారో అన్నీ రాసి ఉన్నాయి. భూకంపం వచ్చిన ఏడాదికి కూడా అంతాక్యాలో వేల కుటుంబాలు కంటైనర్ గదుల్లోనే కాపురముండేవి. 2023లో ఆ ఊరి పేరిట ప్రత్యేక కానుక పట్టిన సంఘాలు, అది ఎవరి చేత, ఎవరికి చేరిందో తమ విశ్వాసులకు చెప్పాయా?