కుళ్లేది మన దిబ్బకు, కుళ్లనిది కంపెనీకి

ఈమధ్య నగరాల చుట్టూ ఓ కొత్త ముచ్చట నడుస్తోంది. ఊరి బయట అరెకరమో ఎకరమో కొనుక్కుని, సోలార్ పలకలు బిగించుకుని, వంటింటి చెత్తను గుంతలో వేసి ఎరువు చేసుకుంటూ, కరెంటు తీగకూ మున్సిపాలిటీ బండికీ దూరంగా బతుకుతున్నామని వీడియోలు పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. మన కుర్రాళ్లు సెల్‌ఫోన్‌లో చూపిస్తే మొదట నవ్వొచ్చింది. పెంటదిబ్బా కుడితి తొట్టీ మన ఇళ్లకు కొత్తా? కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వాళ్లు ఎంతో గొప్పగా చూపిస్తున్న పనిని మన ఊళ్లో ఇప్పుడు ఎన్ని ఇళ్లు చేస్తున్నాయని లెక్కేసుకుంటే చేతివేళ్లు కూడా నిండలేదు.

వెనకటి రైతు ఇంట్లో బయట పారేసే వస్తువంటూ దాదాపు ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితిలోకి పోయేవి. పేడా, చిమ్మిన కసువూ, పొయ్యి బూడిదా దిబ్బకెక్కేవి. వేసవిలో ఆ దిబ్బే బండికెత్తితే చేనుకు బలం. ఇప్పుడు ఎడ్లు పోయి ట్రాక్టరొచ్చింది. దిబ్బ ఉన్న చోట గదులు లేచాయి, వాకిలి సిమెంటు అయింది. పొద్దున్నే పంచాయతీ బండి ఈల వేస్తే అన్నం మెతుకూ, పాలకవరూ, పురుగుమందు డబ్బా ఒకే బకెట్లో కలిపి పోస్తున్నాం. బండి వాటిని ఊరి చివర చెరువు గట్టు పక్కన కుమ్మరిస్తుంది. నాలుగు రోజులకోసారి ఎవరో నిప్పు పెడతారు. ఆ పొగ మన ఇళ్లలోకే వస్తుంది, వానొస్తే ఆ మురుగు మన చెరువులోకే దిగుతుంది. ఆ తర్వాత 1,350 రూపాయలు పెట్టి డీఏపీ బస్తా కొనుక్కొస్తాం.

దీనికి తప్పంతా పంచాయతీదే అనడం తేలిక. ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి పేరుతో పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలని షెడ్లు కట్టారు. కానీ డబ్బు లెక్క చూడండి. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి ఘన వ్యర్థాల కోసం లెక్కగట్టింది మనిషికి 60 రూపాయలు. మూడు వేల మంది ఉన్న ఊరికి లక్షా ఎనభై వేలు. అదీ ఒక్కసారికే, అందులోనూ 30 శాతం ఆర్థిక సంఘం నిధుల నుంచి పంచాయతీయే పెట్టుకోవాలి. ఈ డబ్బుతో తొట్టెలు కట్టొచ్చు, రిక్షా కొనొచ్చు. చెత్తను చేత్తో వేరుచేసే మనిషికి ప్రతి నెలా జీతం ఎక్కణ్నుంచి వస్తుంది? నెలల తరబడి జీతాల కోసం ధర్నాలు చేస్తున్న పారిశుధ్య కార్మికులను అడిగితే, షెడ్లకు తాళాలు ఎందుకు పడ్డాయో వాళ్లే చెబుతారు.

కాబట్టి చెత్త బండి ఎక్కకముందే, మన గడపలోనే, దాని దారి తేలాలని మేమంటున్నాం. ఇంట్లో పోగయ్యేదాంట్లో సగానికి పైగా కుళ్లి మట్టిలో కలిసేదే. అది ఇంట్లోనో వీధిలోనో ఆగిపోతే బండి బరువు సగానికి తగ్గుతుంది, మిగిలింది పొడిగా ఉంటుంది, వేరుచేసే కార్మికుడు ముక్కు మూసుకోనక్కర్లేదు. అయితే పశువులే లేని ఇంట్లో దిబ్బ ఎలా? మహారాష్ట్ర రైతు నారాయణ దేవ్‌రావ్ పాండరీపాండే చూపించిన నాడెప్ పద్ధతి ఇలాంటి ఇళ్లకే పనికొస్తుంది. గాలి ఆడేలా కంతలు వదిలి ఇటుకలతో కట్టిన తొట్టిలో ఆకూ అలమూ, చెత్త, మట్టి, పలచటి పేడనీళ్లు పొరలుపొరలుగా వేయాలి. టన్నున్నర చెత్తకు వంద కిలోల పేడ చాలు. మూడు నాలుగు నెలల్లో ఎరువు చేతికొస్తుంది. పొరుగింట్లో గేదె ఉంటే మీ తొట్టి నిండినట్టే.

పశువులు మిగిలిన ఇళ్ల సంగతి వేరు. అక్కడ గోబర్‌గ్యాస్ గురించి వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన పెరళ్లలో చచ్చిపడి ఉన్న గ్యాస్ డోములు ఈ మాటెత్తితే ముందు గుర్తొస్తాయి. జాతీయ బయోగ్యాస్ పథకం 1981-82లో మొదలైంది. 1984లో తక్కువ ఖర్చుతో దీనబంధు నమూనా వచ్చింది. ఊరూరా గుంతలు తవ్వారు. కొన్నేళ్లు మంట వెలిగింది. తర్వాత కొన్నింట్లో పొట్టు పోసుకున్నారు, కొన్నింటిని పూడ్చేశారు. 'గోబర్‌గ్యాస్ మనకు పడదు' అనే మాట స్థిరపడింది. మేం ఆ మాట ఒప్పుకోం.

లెక్క ఇది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడా, అన్నే నీళ్లూ కావాలి. ఒక్కో పశువు రోజుకు పది కిలోలు వేస్తుందనుకుంటే ఐదు పశువులు. నలుగురైదుగురి వంటకు ఆ గ్యాస్ సరిపోతుంది. నెలకు దాదాపు 25 కిలోల వంటగ్యాస్‌తో సమానం, అంటే 14.2 కిలోల సిలిండర్లు రెండుకు కాస్త తక్కువ. చలికాలంలో కొంత తగ్గుతుంది. రెండు మూడు గేదెలే ఉన్న ఇంటికి ఒక ఘనపు మీటరు ప్లాంటు చాలు, సగం వంట దాని మీద వెళ్లిపోతుంది. పేడ ఎక్కడికీ పోదు. గ్యాస్ ఇచ్చాక బయటికొచ్చే స్లర్రీ పొలానికే. ఎండకు ఎండి వానకు తడిసే దిబ్బలో గాల్లో కలిసిపోయే నత్రజని ఇందులో చాలావరకు నిలుస్తుంది.

మరి డోములు ఎందుకు చచ్చాయి? పశువులు తగ్గడం ఒక కారణం. దానికంటే పెద్ద కారణం, ప్రభుత్వం ప్లాంట్ల సంఖ్యను లెక్కపెట్టింది గానీ వెలుగుతున్న మంటలను లెక్కపెట్టలేదు. టార్గెట్ పూర్తయ్యాక మేస్త్రీ మళ్లీ ఆ ఊరు రాలేదు. డోము బీటవేసి గ్యాస్ కారిపోతే చూసేవాడు లేడు. పైపులో నీరు చేరి మంట ఆగితే ప్లాంటే పాడైందనుకుని వదిలేసిన ఇళ్లు ఉన్నాయి. పైపు కింది భాగంలో ఉన్న నీటి ట్రాపును తిప్పి నీళ్లు వదిలేస్తే పోయే జబ్బు అది. ఆ చిన్న సంగతి ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో కారణం మనం ఒప్పుకోవడానికి ఇష్టపడనిది. రోజూ పొద్దున్నే యాభై కిలోల పేడ, యాభై లీటర్ల నీళ్లు కలిపేది ఎవరు? ఇంటి ఆడవాళ్లే. గ్యాస్ పేరు చెప్పి వాళ్ల నెత్తిన మరో చాకిరీ పెట్టాం. సిలిండర్ రాగానే వాళ్లు దాన్ని ఎంచుకున్నారంటే అందులో వింతేముంది? ఈ సంపాదకీయం రాస్తున్న మాలో పేడ చేత్తో కలిపినవాళ్లెవరని అడిగితే మా దగ్గర సరైన జవాబు లేదు. కొట్టం నేలను వాలుగా కట్టి, కడిగిన నీళ్లూ మూత్రమూ పేడతోపాటు నేరుగా తొట్టిలోకి జారేలా చేస్తే మోత చాలా తగ్గుతుంది. నీళ్లకు కటకటలాడే సీమ ఊళ్లలో కడుగునీళ్లే అక్కరకొస్తాయి. ఆపైన మిగిలే పని మగవాళ్లు పంచుకోవాలి.

సిలిండర్ తీసేయమని మేం అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ పేదింటికి అవసరమైన సాయమే. కానీ పోల్చి చూడండి. సిలిండర్ 900 అనుకుంటే మూడింటి ఖర్చు ఏడాదికి 2,700. ఒక ఘనపు మీటరు ప్లాంటుకు 2022లో ప్రకటించిన కేంద్ర సాయం 9,800 రూపాయలు. నాలుగేళ్లలో సిలిండర్ల మీద పెట్టేదానికన్నా తక్కువ! మేస్త్రీ కూలీ, ఇటుకా, సిమెంటు, తవ్వకం కలిపితే ఈ సాయం ఏ మూలకూ రాదు. మిగతాది రాష్ట్రం భరించాలి. అంతకంటే ముఖ్యం, మండలానికి ఒక శిక్షణ పొందిన మేస్త్రీని ఐదేళ్ల మరమ్మతు బాధ్యతతో పెట్టాలి.

ఇక మరుగుదొడ్డి. ఈ మాట సంఘం పత్రికలో రాయడం ఏమిటని కొందరు అనుకోవచ్చు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఎరువు ఎత్తి చూపించారు. రెండు గుంతల దొడ్డిలో ఒకటి నిండాక దాన్ని మూసి రెండోదానికి మళ్లిస్తే, ఏడాదిన్నర రెండేళ్లకు మొదటి గుంతలో వాసనలేని పొడి ఎరువు మిగులుతుంది. పారతో ఎత్తొచ్చు. 12,000 సాయంతో కట్టిన దొడ్లలో ఇలా రెండు గుంతలు సరిగ్గా తవ్వినవి ఎన్ని, ఒకే పెద్ద గుంత తవ్వి మూసేసినవి ఎన్ని? ఆ గుంత నిండితే ట్యాంకర్ వస్తుంది, రాత్రిపూట ఏ పంటకాలువలోనో వదిలేస్తుంది. లేదంటే ఓ దళిత కుర్రాణ్ని లోపలికి దింపుతారు. ఇలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. నల్లరేగడిలో నీరింకదు కాబట్టి గుంత చుట్టూ ఇసుక పొర పోయాలి, బోరుకు పది మీటర్లయినా దూరముండాలి. ఇంతే జాగ్రత్త.

కుళ్లని సరుకు సంగతికొద్దాం. ఇక్కడ రైతు ఇల్లు పట్నం ఇంటికంటే ప్రమాదకరం. మన గట్ల మీద పురుగుమందు డబ్బాలు, చిరిగిన మల్చింగ్ షీట్లు, పనికిరాని డ్రిప్పు పైపులు. ఖాళీ డబ్బాను నీళ్లకు వాడిన ఇళ్లున్నాయి. పైపుల్ని తగలబెట్టి చలి కాచుకున్న ఊళ్లున్నాయి, ఆ పొగలో ఏముంటుందో తెలియక. పురుగుమందుల నిబంధనలు-1971లో 44వ నిబంధన ఖాళీ డబ్బాల బాధ్యతను తయారీదారులు, ఫార్ములేటర్లు, పిచికారీ చేసేవారు ముగ్గురి మీదా పెట్టింది. వాళ్లలో మొదటి ఇద్దరూ ఏనాడైనా మన ఊరొచ్చి డబ్బా వెనక్కి తీసుకున్నారా? 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు కూడా తయారుచేసినవాడే వెనక్కి తీసుకోవాలంటున్నాయి. మందు అమ్మే దుకాణంలోనే ఖాళీ డబ్బా తీసుకుని డబ్బా విలువ చేతిలో పెట్టాలి. అప్పటిదాకా మనం చేయగలిగింది, డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లను పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పొడిచి, విడిగా సంచిలో వేసి ఉంచడం.

సొంత దిబ్బ పెట్టుకోలేని ఇళ్లను మరచిపోకూడదు. సెంటున్నర స్థలంలో ఇల్లు కట్టుకున్న కూలీ కుటుంబానికి గుంతకు చోటెక్కడిది? కౌలురైతు ఎవరి పెరట్లో ప్లాంటు కడతాడు? ఇలాంటి వీధులకు పంచాయతీ స్థలంలో ఉమ్మడి కంపోస్టు తొట్లు కావాలి, వచ్చిన ఎరువులో ఆ ఇళ్లకూ కౌలురైతులకూ ముందు వాటా ఉండాలి.

2025లో హైదరాబాద్ చెత్త కోసం సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో డంపు యార్డు పనులు మొదలుపెడితే నల్లవల్లి, గుమ్మడిదల రైతులు రోడ్డెక్కారు. నగరం తన మురికిని పల్లె మీద దింపుతుంటే ఊరుకోకూడదు, వాళ్ల పోరాటం న్యాయమైనది. అలాంటి పోరాటం రేపు మన ఊరికొస్తే, 'మీ చెరువు గట్టు మీద మీరు చేస్తున్నదేంటి' అని అధికారి ఎదురడగకుండా ఉండాలి గదా.

అందుకే వచ్చే గ్రామసభల్లో మూడు విషయాలు తీర్మానంగా పెట్టించండి: పారిశుధ్య కార్మికులకు నెలనెలా జీతం, ఉమ్మడి కంపోస్టు తొట్లకు స్థలం, మందు దుకాణాల్లో ఖాళీ డబ్బాల సేకరణ. దాంతోపాటు ప్రతి గ్రామ కమిటీ తమ ఊళ్లో గోబర్‌గ్యాస్ ప్లాంట్లు ఎన్ని కట్టారో, ఇప్పుడు ఎన్ని వెలుగుతున్నాయో, ఆగినవి ఎందుకు ఆగాయో ఇంటింటికీ వెళ్లి అడిగి రాసి మండల కమిటీకి పంపాలి. అడిగేటప్పుడు ఇంటి యజమానిని వాకిట్లో కూర్చోబెట్టి వంటింట్లో ఉన్న ఆవిడను అడగండి. కారణం రాయకుండా అంకెలు మాత్రమే పంపితే మళ్లీ వెనక్కి పంపుతాం.