సంఘముల గుర్తింపు: కృష్ణాడెల్టా కార్మికుల ప్రణాళిక

విజయవాడ టోకు విపణులలో బస్తాలు మోయు ముఠాలవారమును, డెల్టాలోని బియ్యపు మిల్లులలోను చక్కెర కర్మాగారములలోను పనిచేయువారమును, ఆర్టీసీ బస్సులు నడపువారమును ఏకమై, యజమాని మా సంఘమును గుర్తింప నిరాకరించినపుడు ప్రభుత్వమునకు విధి యేది, విధి కానిది యేది యను విషయమున మా నిశ్చయమును ఇందుమూలముగా ప్రకటించుచున్నాము.

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము ఏడుగురు కూడినచో రిజిస్ట్రేషను పత్రము నొసగెను గాని, ఆ పత్రము చేతబట్టుకొని వచ్చిన కార్యదర్శితో మాటలాడుమని యజమానిని నిర్బంధింపలేదు. గుర్తింపును నిర్బంధము గావించిన 1947 సవరణ ఎన్నడును అమలునకు రాలేదు. 1958 నాటి క్రమశిక్షణా నియమావళి ఈ విషయమును యజమానుల సౌజన్యమునకు విడిచినది. సౌజన్యము గల యజమానితో మాకు పూర్వమును వివాదము లేదు.

2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడు గుర్తింపును శాసనము గావించినది. ఒకటికి మించి సంఘములున్నచోట నూటికి 51 మంది బలము గల సంఘమే సంప్రదింపులకు అర్హము. అట్టిది లేనిచో నూటికి 20 మందికి తగ్గని బలము గల సంఘముల మండలి ఏర్పడును. కాని ఏ నూటికి? మస్టరు రోలున పేరున్నవారిలో నూటికి. ఇరువది యేండ్లుగా ఒకే మిల్లు గుమ్మమున బస్తా లెక్కన కూలి పుచ్చుకొను ముఠావాని పేరు మేస్త్రి చిట్టాలోనే గాని మిల్లు మస్టరులో నుండదు. కాలువలు కట్టివేసిన వేసవిలో, మరయాడని మిల్లులో, చెరకు గానుగ నిలిచిన కర్మాగారములో లెక్కించినచో మిగులువారు గుమాస్తాలును కావలివారునే. కావున పని ముమ్మరముగా సాగు దినముననే, మేస్త్రి చిట్టాను సైతము ముందుంచుకొని, రహస్య బ్యాలెటుచే కార్మికశాఖ మమ్ము లెక్కింపవలెను.

లెక్కించిన పిమ్మట ప్రభుత్వము సంప్రదింపులనుండి తొలగవలెను. నిర్బంధ తీర్పులకంటె ఇరుపక్షముల సంప్రదింపులే మేలని వాదించి, బ్యాంకు ఉద్యోగుల వివాదమున వెలువడిన తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవిని త్యజించిన మన తెలుగువాడు వి.వి. గిరి త్రోవయే మా త్రోవ.

ప్రభుత్వమే యజమాని యైనచోట మాత్రము ఈ యేర్పాటు చాలదు. ఆర్టీసీ ఉద్యోగులు పూర్వము కార్మికశాఖ జరిపిన రహస్య బ్యాలెటుచే తమ గుర్తింపు సంఘము నెన్నుకొనిరి. 2020 జనవరి 1న వారు ప్రజారవాణా శాఖలో విలీనులై ప్రభుత్వోద్యోగులైరి. జీతమిచ్చు చేయియే ఓట్లు లెక్కించుట మాకు సమ్మతము కాదు. అచట న్యాయాధికారి యొకడు పర్యవేక్షింపవలెను.

ఇక ముఠాలవారికై గొల్లపూడి టోకు మార్కెటున ఓటుపెట్టె నుంచునపుడు, కచ్చేరి వేళ గాక, తెల్లవారుజామున లారీలు దిగు వేళనే యుంచవలెనని కోరుచున్నాము.